శాంటియాగో కొండకు మొక్కు

2008 మే నెలలో కొత్తగూడెం బొగ్గుగని క్వార్టర్లలో ఉండే ఆంథోని ప్రతిష్ఠ సముద్రాలు దాటింది. సత్తుపల్లి ఓపెన్‌కాస్టు గనికి, నేల పైనుంచే బొగ్గు తవ్వే కొత్త యంత్రం వస్తోంది. దాన్ని నడపడం నేర్చుకోవడానికి ఆయననూ, తోటి ఆపరేటర్ బలరాంనూ జూన్‌లో చిలీ దేశపు శాంటియాగో నగరానికి పంపుతున్నారు. వారమంతా శిక్షణ, ఆదివారం ఒక్కటే సెలవు. ఆ ఆదివారం ఏం చూడాలన్న విషయమై ఆంథోని ఇంట్లో జరిగినన్ని సమావేశాలు బొగ్గు ధర తేల్చడానికి ఢిల్లీలో కూడా జరిగి ఉండవు.

మొదటి తీర్మానం భార్య విశ్రాంతమ్మది: ఎండల్లో ప్రయాణం గనుక గొడుగు, తలకు తువ్వాల, వడదెబ్బ తగలకుండా జేబులో ఉల్లిగడ్డ.

"ఆడ జూన్ల చలికాలం మమ్మీ," అంది డిగ్రీ చదివే కూతురు మహిమ, నెట్ సెంటర్ నుంచి తెచ్చిన కాగితాలు తిప్పుతూ.

"సూర్యుడు ఒక్కడే గదనే? ఈడ కాల్చెటోడు ఆడ ఊకుంటడా?"

ఈ వాదానికి జవాబు కాగితాల్లో లేదు. ఆంథోనికి మాత్రం వాటిలోనే తన ఆదివారం దొరికింది. ఊరి నడుమ ఒక కొండ. పైనుంచి చూస్తే మంచు పర్వతాలు. పైకి పోవడానికి పట్టాల మీద మనుషులు కూర్చునే ఒక పెట్టె, దాన్ని తాడుతో లాగుతారు.

ఓపెన్‌కాస్టుకు రాకముందు ఆంథోని ఏళ్ల తరబడి భూమి లోపలి గనిలో పనిచేశాడు. అక్కడా తాడే, పట్టాలే. బొగ్గు మాత్రం టబ్బులనే ఇనుప పెట్టెల్లో దర్జాగా పైకి పోయేది, షిఫ్టు దిగిన మనిషి పక్కన రొప్పుతూ నడిచొచ్చేవాడు. టబ్బెక్కితే సస్పెన్షన్. బొగ్గుకు దక్కిన మర్యాద మనిషికీ దక్కే ఊరొకటి భూమ్మీద ఉందని తెలిశాక ఆయనకు మరో కోరిక మిగల్లేదు.

"నాకు బజార్లు వద్దు, మ్యూజియాలు వద్దు. గా పెట్టెల కూసోని పైకి పోత. గంతే."

"పైన ఏమున్నదో గూడ చదువు బిడ్డా," అంది విశ్రాంతమ్మ.

మహిమ చదివింది. కొండ మీద మరియమాత పెద్ద విగ్రహం.

విశ్రాంతమ్మ చేతిలో చేట కింద పెట్టి సిలువ గుర్తు వేసుకుంది. ఆంథోనికి పాత మొక్కు గుర్తొచ్చింది. పాస్‌పోర్టు ఆలస్యమైనప్పుడు ఆమె మొక్కుకుంది, అది వస్తే భర్తను మరియమాత కొండ చెప్పుల్లేకుండా ఎక్కిస్తానని. అప్పుడు మనసులో ఉన్నది బెజవాడ దగ్గరి గుణదల కొండే అయినా, మొక్కులో ఆ పేరు లేదు. మొక్కు ఆమెది, మోకాళ్లు ఆయనవి.

"గుణదల తిరనాళ్లంటే ఫిబ్రవరి దాక ఆగాలె. అమ్మనే ఎదురొచ్చింది. నడిచెక్కు."

"పెట్టె పెట్టిండ్రు గదనే!"

"అది మొక్కు లేనోళ్లకు."

"చలి మమ్మీ, ఉత్త కాళ్లతోని ఎట్ల?"

"సాక్సులు తొడుక్కోమను. సాక్సులు చెప్పులా ఏంది?" అని ఆమె ధర్మశాస్త్రాన్ని అక్కడికక్కడే సవరించింది.

సాయంత్రం బలరాం వచ్చి కథంతా విని పగలబడి నవ్వాడు. "నువ్వు నడువన్నా. నేను పెట్టెలకెళ్లి టాటా చెప్త."

ఆంథోని నవ్వలేదు. వాడిన మొహంతో గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు. గని నుంచి వచ్చిన రోజుల్లో కూడా ఆ మొహం అంతగా వాడిపోగా విశ్రాంతమ్మ చూడలేదు. ఉన్నట్టుండి ఆయన తలెత్తాడు.

"నిరుడు గుణదల కొండ ఎట్ల దిగినవే?"

"ఎట్ల దిగుడేంది? సంచిలకెళ్లి చెప్పులు తీసి, ఏసుకోని దిగిన."

"మరి మాతకు కోపం రాలే?"

"ఎందుకొస్తది? మొక్కు ఎక్కుడుకు గద..." విశ్రాంతమ్మ సగంలో ఆగింది.

"వదినా, దొరికినవ్!" అన్నాడు బలరాం.

ఆమె గోడమీది మరియమాత పటాన్ని అనుమతి అడుగుతున్నట్టు చూసింది. పటం అభ్యంతరం చెప్పలేదు.

"సరే, దిగెటప్పుడు పెట్టె ఎక్కు. కని తాడు ఓసారి చూసుకోని కూసో. ఆళ్లు ఎట్ల కట్టిండ్రో ఏమో."

"చూడకుంట ఎక్కుతనా!" అన్నాడు ఆంథోని. మొహం విప్పారింది. వెంటనే కుర్చీ మహిమ పక్కకు జరుపుకున్నాడు. "బిడ్డా, దిగెటప్పుడు మంచుకొండలు కనపడాల్నంటే ముందల కూసోవాల్నా, ఎనక కూసోవాల్నా?"