నాలుగు సున్నాలు, ఒక డాబా

సిల్తారాలో నేను పనిచేసే స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీ వాళ్లు ఒకరోజు ఆఫీసు వాళ్లందరినీ హాల్లో కూర్చోబెట్టి, రాయపూర్ నుంచి ఒక ట్రైనర్‌ని పిలిపించారు. ఆయన బోర్డు మీద ఒకదాని మీదికొకటి వచ్చేలా నాలుగు సున్నాలు చుట్టాడు. మీకు ఇష్టమైనది, మీకు చేతనైనది, లోకానికి కావలసినది, మీకు జీతం తెచ్చేది, ఈ నాలుగూ కలిసేచోటే మీ ఇకిగాయ్ ఉందన్నాడు. జపాన్‌లో ముసలివాళ్లు కూడా దానికోసమే పొద్దున్నే లేస్తారట.

"మేడమ్, ఆప్ సుబహ్ క్యోఁ ఉఠ్‌తీ హైఁ?" అని, పొద్దున ఎందుకు లేస్తారని నన్నే అడిగాడు.

నాకు ఒళ్లు మండింది. "మసి తుడవడానికి," అన్నాను హిందీలోనే. "రాత్రంతా మన చిమ్నీలు వదిలే మసి మా డాబా నిండా పరుచుకుంటుంది. తెల్లారకముందే లేచి నేను తుడిస్తేనే మా అత్తగారు వడియాలు పెట్టుకోగలరు."

హాల్లో ఎవరూ నవ్వలేదు. అందరి డాబాల గతీ అదే మరి.

ట్రైనర్ మాత్రం "బహుత్ బఢియా!" అంటూ, 'మీకు ఇష్టమైనది' అన్న సున్నాలో 'శుభ్రత' అని రాశాడు. మేనేజర్ చప్పట్లు మొదలుపెట్టాడు. నాకిష్టమట! వెళ్లేముందు తలా ఒక తెల్ల టీషర్టు చేతిలో పెట్టారు, రొమ్ము మీద అవే నాలుగు సున్నాలు.

మర్నాడు దాన్నే తడిపి డాబా తుడిచాను. సగం తుడిచేసరికే నాలుగు సున్నాలూ ఒకే నల్లటి మరకలో కలిసిపోయాయి.