ఎర్ర సైకిల్ అగ్రిమెంటు

మా ఇంట్లో పిల్లల క్రిస్మస్ కానుకలకు ఎంత ఖర్చు పెట్టాలన్నది అమ్మానాన్నలు గుట్టుగా మాట్లాడుకుని తేల్చే విషయం కాదు. అది చర్చల్లో తేలాలి. నాన్న పటాన్‌చెరులో ఒక మందుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు, అక్కడి యూనియన్‌కు కార్యదర్శి కూడా. మూడేళ్లకోసారి జీతాల అగ్రిమెంటు కోసం యాజమాన్యంతో కొట్లాడి కొట్లాడి, లోకంలో ఏదైనా అలాగే వస్తుందని ఆయనకు నమ్మకం కుదిరిపోయింది. పండగతో సహా.

నాకు ఏడేళ్లప్పుడు, ఇంటి ముందు కాగితం స్టార్ కట్టిన రోజే గొడవ మొదలైంది. బజార్లో సైకిల్ షాపు ముందు కొక్కేనికి వేలాడుతున్న చిన్న ఎర్ర సైకిల్ చూశాను. బెల్లుంది, వెనక రెండు పక్కచక్రాలున్నాయి. అది నాకు కావాలి. దాన్ని తలుచుకుంటే అన్నం సయించేది కాదు. ఇంటికొచ్చి ఏడుపు అందుకున్నాను. నాన్న ఓపిగ్గా విన్నాడు.

"ఏడ్చి అడిగితే ఎవలియ్యరు బిడ్డా. నోటీస్ ఇచ్చి అడగాలె," అన్నాడు.

నోటీసు ఇచ్చాం. మరునాడు చర్చలు. నాన్న కుర్చీలో, నేనూ ఐదేళ్ల తమ్ముడూ చాప మీద. యాజమాన్యమెప్పుడూ కుర్చీలోనే కూర్చుంటుందట. నేను సైకిల్ అడిగాను. తమ్ముడు ఏనుగు అడిగాడు. బొమ్మది కాదు, నడిచేది. నాన్న ముఖం గంభీరంగా పెట్టి కంపెనీ నష్టాల్లో ఉందన్నాడు. వెంటనే కుర్చీ దిగి, మా పక్కకు చాప మీదికి వచ్చి, ఆ మాట ఎవరన్నా నమ్మొద్దని గొంతు తగ్గించి చెప్పాడు. లాభాలొచ్చిన ఏడు కూడా వాళ్లు అదే అంటారట. ఒక్క సైకిల్ అడిగితే సగం సైకిలే ఇస్తారు కాబట్టి రెండు అడగమన్నాడు. ఏనుగు మరీ ఎక్కువేమోనని నాకు అనుమానం వచ్చింది.

"ఏనుగును ఉంచుండ్రి. ఆఖర్ల ఒదులుకోనీకి పనికొస్తది," అన్నాడు.

మళ్లీ కుర్చీ ఎక్కాడు. మేము రెండు సైకిళ్లూ ఒక ఏనుగూ అడగ్గానే ఆయనకు నిజంగానే కోపం వచ్చింది. ఈ తెలివితేటలు ఎవరు నేర్పారని గద్దించి, చర్చలు విఫలమయ్యాయని ప్రకటించి, షిఫ్టు బస్సుకు టైమైందని వెళ్లిపోయాడు.

ఇక సమ్మె తప్పలేదు. పండగకు గవ్వలు ఒత్తడం మా ఇద్దరి పని. అది బంద్ పెట్టి, వంటింటి గడప మీద బైఠాయించి జిందాబాద్‌లు కొట్టాం. నష్టమంతా అమ్మకే. నాన్న షిఫ్టు నుంచి వచ్చి, పిడికిలి ఇంకా పైకి లేవాలని మా చేతులు సరిచేశాడు. అమ్మ పిండి చేతులతో బయటికి వచ్చి, మీ కంపెనీలో నేనెవరినో చెప్పమని నిలదీసింది. నాన్న ఎత్తిన పిడికిలి దించేసి చెప్పులు వెతుక్కున్నాడు.

చివరికి నానమ్మను రాజీ కుదిర్చే లేబర్ ఆఫీసర్‌గా కూర్చోబెట్టారు. కొండాపూర్ దగ్గరి ఊరి నుంచి పండగకు వచ్చి ఉంది పాపం. ఇరుపక్షాల వాదనలూ కునుకు తీస్తూ విని, సైకిల్ ధర చెవిన పడగానే ఉలిక్కిపడి లేచింది. ఆ పైసలకు మా ఊళ్లో దూడ వస్తుంది, పెరిగితే పాలన్నా ఇస్తుంది అంది. తర్వాత ఏనుగు ఏం తింటుందని తమ్ముణ్ని అడిగింది. వాడు గవ్వలు తింటుందన్నాడు.

అలా మూడేళ్ల అగ్రిమెంటు కుదిరింది. మొదటి ఏడు నాకు అయస్కాంతం మూత ఉన్న పెన్సిల్ డబ్బా, రెండో ఏడు గౌను, మూడో ఏడు చిన్న ఎర్ర సైకిల్, బెల్లూ పక్కచక్రాలతో సహా. తమ్ముడికి ఏటా ఒక బంతి, దానికి బదులు వాడు ఏనుగును వదులుకోవాలి. అదంతా ఎత్తుగడేనని వాడి బుర్రకు ఎక్కలేదు, వెక్కివెక్కి ఏడ్చాడు. అందరం సంతకాలు చేశాం, నానమ్మ వేలిముద్ర వేసింది. గెలిచానని నేను వీధంతా చాటుకున్నాను. మూడేళ్లంటే ఎంతో నాకప్పుడు తెలియదు.

పెన్సిల్ డబ్బా వచ్చింది. గౌను వచ్చింది. మూడో ఏడు వానాకాలంలో నాన్న ఫ్యాక్టరీ గేటుకు తాళం పడింది. నష్టాలన్నారు. వాళ్ల అగ్రిమెంటు ప్రకారం రావలసిన బకాయిలు రాలేదు, ఆఖరి జీతమూ రాలేదు. నాన్న మిగతావాళ్లతో గేటు ముందు టెంటులో కూర్చున్నాడు, ఇంట్లో మాట్లాడటం తగ్గించాడు. సైకిల్ మాట ఎత్తొద్దని అమ్మ చెప్పింది. చెప్పకపోయినా ఎత్తేదాన్ని కాదు. నాకు పదో ఏడు నడుస్తోంది, క్లాసులో అందరికంటే పొడుగు, ఆ సైకిల్ మీద ఆశ ఎప్పుడో పోయింది. నాన్న మళ్లీ కుర్చీ ఎక్కి దిగి ఆ వేషాలు వేస్తే చాలని ఉండేది.

క్రిస్మస్ పొద్దున నాన్న భుజాన సైకిల్ మోసుకుంటూ వచ్చాడు. ముత్తంగి గోడౌన్ల దగ్గర లారీలకు లోడింగ్ పనిచేసి కొన్నాడని తర్వాత తెలిసింది. ఎర్రదే. చిన్నదే. అమ్మ దాన్నీ నా కాళ్లనూ మార్చి మార్చి చూసింది. షాపతను కూడా అదే ధరకు కాస్త పాత పెద్ద సైకిల్ ఇస్తానన్నాడట, ఈయనే ఒప్పుకోలేదట.

"అగ్రిమెంట్ల గిదే రాసుకున్నం. మనిష్టమొచ్చినట్టు ఎట్ల మారుస్తం?" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "సూస్కో బిడ్డా. అన్నీ ఉన్నయా?"

బెల్లు కొట్టి చూశాను. పక్కచక్రాలు తిప్పి చూశాను. నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. అన్నీ ఉన్నాయని చెప్పాను.

చర్చికి దాని మీదే వెళ్లాను. మోకాళ్లు హ్యాండిల్‌కు కొట్టుకుంటుంటే రెండూ బయటికి చాపి కప్పలా తొక్కాను. పక్కన నాన్న బైబిల్ చంకలో పెట్టుకుని ఊరేగింపు నడిపిస్తున్నంత దర్జాగా నడిచాడు. వెనక బంతితో తమ్ముడు. రోడ్డు మీద నవ్వినవాళ్లను ఆయన లెక్కచేయలేదు. చర్చి గేటు దగ్గర ఆగి గొంతు సవరించుకున్నాడు. అన్ని నెలల తర్వాత ఆ గొంతులో పాత హుషారు వినబడింది.

"గడువు అయిపోయింది. కొత్త నోటీస్ ఎప్పుడిస్తరు?"

తమ్ముడు నోరు తెరవబోయాడు. ఏనుగు ఇంకా వాడి మనసులోనే ఉందని నాకు తెలుసు. వాడి చెయ్యి గట్టిగా నొక్కాను.

"కంపెనీ నష్టంల ఉన్నది కద డాడీ," అన్నాను. "జెర ఆగుతం."

ఆ మాట ఎవరన్నా నమ్మొద్దని నేర్పిన మనిషి నా తల మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయాడు. లోపల పాట మొదలైనా కదల్లేదు.