ఆషాఢం నెల అద్దె

యానాంలో మా వాటా మేడ మీద. కింద ఇంటివాళ్ళు, పైన నేనూ మా అత్తయ్యగారూ. మా ఆయన పోయాక ఆవిడ కూతురి దగ్గరికి వెళ్ళిపోతారని చుట్టాలంతా అనుకున్నారు. ఆవిడ వెళ్ళలేదు, నేను వెళ్ళమనలేదు. అద్దె నేనే కడతాను. మందుల పెట్టెల్లో వచ్చే చీటీలు, మోటార్లతో పాటు వచ్చే పుస్తకాలు ఇంగ్లీషు నుంచి తెలుగులోకి మార్చడం నా బతుకుతెరువు. వ్యాసాలు రాయడం నా అసలు పని. దానికి పైసా రాదు, తిట్లు మాత్రం వస్తాయి.

ముహూర్తాల మీద, శకునాల మీద ఇన్నేళ్ళుగా రాస్తూనే ఉన్నాను. మా నాన్న నన్ను చిన్నప్పుడే సంస్కరణ సభలకు తీసుకెళ్ళేవాడు. వాదనకు దిగేవాడు ఎదుటివాణ్ణి రుజువు అడిగే ముందు తన రుజువు జేబులో పెట్టుకోవాలని అక్కడే నేర్చుకున్నాను. నేర్చుకున్నానని అనుకున్నాను.

పోయినేడు జూలై మూడో వారంలో ఇన్‌కంటాక్స్ రిటర్ను వేయాల్సి వచ్చింది. ఇంట్లో కూర్చుని పనిచేసేవాళ్ళు ఇంటద్దెలో, కరెంటు బిల్లులో కొంత భాగం వృత్తి ఖర్చుగా చూపించుకోవచ్చు. ఇల్లు మొత్తంలో పనికి వాడుకునే జాగా ఎంతో అంత భాగం, ఏడాదిలో వాడుకున్నది ఎన్ని నెలలో అన్ని నెలలకు. ఆ మార్చితో ముగిసిన ఏడాది మధ్యలో నాకు ఆఫీసు గది ఏర్పడింది. అంతకు ముందు అన్నం తినే బల్ల మీదే పని. ఆ గది అత్తయ్యగారిది. వీధివైపు కిటికీ, గోదావరి మీంచి గాలి. "నీకు వెలుతురు కావాలి, నాకు ఏ మూలైనా ఒకటే" అని ఆవిడే ఇచ్చారు.

లెక్కకు ముందు కొలత కావాలి. అత్తయ్యగారి కుట్టుమిషను సొరుగులోంచి టేపు తీశాను. ఒక కొస ఆవిడ పట్టుకున్నారు, ఒక కొస నేను. ఫోను స్పీకర్లో పెట్టి బల్ల మీద ఉంచాను. అవతల మా ఆడిటర్‌గారు.

"గది పదకొండు ఇంటూ పన్నెండండి. నూట ముప్పై రెండు అడుగులు. వాటా మొత్తం ఆరువందలు."

"ఆయ్, రాసుకున్నానండి."

"ఆగండి. గదిలో ఒక మూల అత్తయ్యగారి దేవుడి గూడు ఉంది. గోడలో కట్టింది, కదలదు. ఆవిడ పీట వేసుకుని కూర్చునే చోటుతో కలిపి మూడు ఇంటూ నాలుగు. ఆ పన్నెండు అడుగులు తీసేయండి."

"అంత పట్టింపు ఎందుకండీ, ఎవరొచ్చి చూస్తారు?"

"నేను చూస్తున్నానుగా."

టేపు పట్టుకున్న అత్తయ్యగారు నవ్వారు. "మంచిదేలే. మా దేవుడికి నీ టాక్సులో వాటా ఎందుకు."

నూట ఇరవై అడుగులు మిగిలాయి. ఆరువందల్లో సరిగ్గా అయిదో వంతు. అద్దె నెలకు తొమ్మిది వేలు, అందులో పద్దెనిమిది వందలు. కరెంటు సుమారు వెయ్యి, అందులో రెండు వందలు. నెలకు రెండు వేలు. నా నిజాయితీ చూసి నాకే ముచ్చటేసింది. దేవుడి మూలను కూడా వదులుకున్న హేతువాది యానాం మొత్తంలో ఇంకెవరున్నారని మనసులో ఒక మాట కూడా అనుకున్నాను.

అప్పుడే ఆడిటర్‌గారు, "ఇంక నెలలండి. జూలై నుంచి కదా? జూలై నుంచి మార్చి, తొమ్మిది" అన్నారు.

"జూలై అని మీకెవరు చెప్పారు?"

"అదేంటండీ, మీరే రాశారుగా. మా ఆవిడకు చదివి వినిపించాను కూడాను. ఆషాఢ పాడ్యమి నాడు ఆఫీసు పెట్టాను, ఆకాశం ఊడి నెత్తిన పడలేదు అని. భలే రాశారు."

టేపు అవతలి కొస వదులైంది. అత్తయ్యగారు నా వైపు చూస్తున్నారు.

ఆ వ్యాసం ఒక చిన్న పత్రికలో వచ్చింది. ఆషాఢంలో కొత్త పని మొదలుపెట్టకూడదు, ఇల్లు మారకూడదు అనే ఆచారం మీద రాశాను. పక్కనున్న బ్రిటిషు జిల్లాల్లో చట్టం బాల్యవివాహాలను ఆపినప్పుడు, అదే ముహూర్తానికి పిల్లల్ని వెంటబెట్టుకుని ఫ్రెంచివాళ్ళ యానాం వచ్చి పెళ్ళి చేసుకెళ్ళిన వాళ్ళున్నారు. చట్టాన్ని దాటడానికి ఒక్క పూట పట్టింది గానీ పంచాంగాన్ని దాటడానికి వాళ్ళకు ధైర్యం చాలలేదని రాశాను. ఆ మాట మీద నేను ఇప్పటికీ నిలబడతాను. ఆ తర్వాత, ముగింపుకు బలం కావాలని, నా ఆఫీసు సంగతి చేర్చాను. గోదావరి గట్టు దగ్గర జరిగిన సభలో చదివితే ఆ వాక్యానికే చప్పట్లు పడ్డాయి.

ఆ వాక్యం అబద్ధం.

జరిగింది ఇది. గది ఇస్తానన్న రోజునే అత్తయ్యగారు ఒక మాట అడిగారు. "ఆషాఢం వెళ్ళనియ్యమ్మా. శ్రావణం రాగానే నేనే నా మంచం బయట వేయిస్తాను." నేను సరే అన్నాను. కొడుకు పోయిన ఇంట్లో ఆవిడ ఇంకే భయానికీ చోటివ్వకూడదని పట్టుబట్టిన మనిషి. ఆ మనిషి ఒక్క నెల ఆగమంటే వాదించబుద్ధి కాలేదు. ఆగస్టు మొదటి వారంలో బల్ల జరిపాం. ప్లగ్గు పాయింటు పెట్టిన ఎలక్ట్రీషియను చీటీ మీద ఆ తారీఖే ఉంది.

"మేడం, లైన్లో ఉన్నారా?" ఆడిటర్‌గారు.

తొమ్మిది అనేస్తే అయిపోయేది. ఆయన రుజువు అడగలేదు, చీటీ ఎవరూ చూడరు, పత్రికలో అచ్చయిన సాక్ష్యం నా వైపే ఉంది. ఎనిమిది అంటే, నా వ్యాసం అబద్ధమని దాన్ని మెచ్చుకున్న మనిషికే చెప్పినట్టు. ఇన్నేళ్ళు ఊరందరినీ రుజువు చూపించమన్న నోరు నాది.

"అత్తయ్యా, మనం గది మార్చింది ఎప్పుడు?" అన్నాను. నాకు తెలియక కాదు.

"శ్రావణంలో. మొదటి శుక్రవారం ముందు. నేను పరవాన్నం చేశాను, నువ్వు రెండుసార్లు పెట్టించుకున్నావు."



"ఆగస్టు నుంచి వేయండి. ఎనిమిది నెలలు. వ్యాసంలో రాసింది తప్పు," అన్నాను.

"సరేనండి. ఎంతో తేడా రాదు లెండి. ఖర్చు రెండు వేలు తగ్గింది, మీకు ఇరవై శాతం కదా, సెస్సుతో కలిపి పన్ను నాలుగు వందల పదహారు పెరుగుతుంది."

"పదహారు పడింది," అన్నారు అత్తయ్యగారు. "చదివింపుల్లో రాసే అంకె. శుభం."

"ఇప్పుడు కూడా ఆషాఢమేనండోయ్," అన్నారాయన నవ్వుతూ.

"ఆషాఢంలో పన్ను కట్టకూడదని ఏ పంతులూ చెప్పలేదు బాబూ. అదొక్కటీ మర్చిపోయారు."

ఆయన ఫోను పెట్టేశాక నేను టేపు చుట్టాను. తక్కిన పని సర్కారుతో కాదు, పత్రికతో. ఆ మధ్యాహ్నమే సవరణ రాయడానికి కూర్చున్నాను. నాలుగు వాక్యాలు చాలు అనుకున్నాను. ఆచారం మీద నా విమర్శ చెక్కుచెదరలేదని మొదటి వాక్యం. అది నిజమే. కానీ అబద్ధం చెప్పి గెలిచిన వాదన గెలిచినట్టు కాదని రెండోది. మూడోది రాశాక అత్తయ్యగారు పక్కన కూర్చుని, "చదువు" అన్నారు.

చదివాను. "అత్తగారి మూఢనమ్మకం కారణంగా గది మార్పు ఒక నెల వాయిదా పడింది."

"అదీ తప్పే," అన్నారు.

"ఎక్కడ?"

"నా నమ్మకం నీ బల్ల కాళ్ళు పట్టుకుందా? నేను అడిగాను. నువ్వు సరే అన్నావు. కాదనుంటే ఆ రోజే మంచం బయట వేయించేదాన్ని. నీ సరే మాట నా నెత్తిన రుద్దకు."

ఇన్ని సభల్లో ఎవరూ నన్ను ఇంత సూటిగా పట్టుకోలేదు. నేను గ్రహాలకు లొంగలేదు, ఒక మనిషి మాట మన్నించాను. అందులో సిగ్గుపడాల్సింది లేదు. ఉన్నదున్నట్టు రాసి ఉంటే వ్యాసం ఇంకా బాగుండేది, చప్పట్లు తగ్గినా. దాచినందుకే అది నేరమైంది.

వాక్యం కొట్టేసి కొత్తది రాశాను. "అత్తయ్యగారు అడిగారు, నేను ఒప్పుకున్నాను, తర్వాత ఒప్పుకోలేదని రాశాను."

ఆవిడ ఇంకోసారి చదివించుకుని, తల ఊపి, తన పన్నెండు అడుగుల్లోకి వెళ్ళి పీట వాల్చుకున్నారు. నేను కవరు మీద పత్రిక చిరునామా రాశాను.