కాయని తీగలు పీకిన యేడు

మామయ్య పోయారని మా ఆయన ఫోన్ చేసినప్పుడు నేను ఉద్యోగానికి పోతూ సిద్దిపేట బస్టాండులో బస్సు దిగుతున్నాను. "బాపు పోయిండు. పందిరి కాడనే," అన్నాడు. పొద్దున్నే లేచి బోడకాకర పందిరి కిందికి వెళ్లిన మనిషి అక్కడే కూలబడిపోయారట. నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. గుండె మాత్రలు వేసుకోమంటే వినరు. పొద్దున్నే పందిట్లో దూరొద్దంటే వినరు. అన్నిటికీ మించి, నలుగురిలో చెప్పాల్సిన ఒక్క మాట చెప్పకుండానే వెళ్లిపోయారు. ఆ మాటేమిటో తెలియాలంటే ఆయన ఎలాంటి మనిషో ముందు చెప్పాలి.

మామయ్య సర్కారు బడుల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. బడి నుంచి రిటైరయ్యారు గానీ పాఠం నుంచి కాలేదు. అందులోనూ ఆయనకు ప్రాణం పదో తరగతిలో వచ్చే ప్రత్యుత్పత్తి పాఠం. చాలామంది సార్లు ఆ పాఠం రాగానే ఇంటి దగ్గర చదువుకోండని చెప్పి పేజీలు తిప్పేస్తారు. ఈయన బోర్డు నిండా బొమ్మలేసి, వెనక బెంచీల నవ్వులు ఆగేదాకా నిలబడి, మొత్తం చెప్పేవారట. ఇప్పటికీ ఆయన శిష్యులు ఎదురైతే ముందు నవ్వి, తర్వాత దండం పెడతారు. బడిలో చెప్పారు, బాగుంది. పెళ్లిళ్లలో ఎందుకండీ?

నేను కాపురానికి వచ్చిన కొత్తలో చుట్టాల పెళ్లికి వెళ్లాం. మామయ్య సరిగ్గా పెళ్లికొడుకు పక్కనే కూర్చుని అరటిపండు ఒలిచారు. "చూసినవా, దీంట్ల గింజ లేదు. గీ చెట్టుకు పెండ్లి అక్కర లేదు. పక్కకు పిలక పెడతది, గంతే. తల్లి ఎట్లుంటె పిలక గట్లనే ఉంటది," అన్నారు. పెళ్లికొడుకు తల వంచుకున్నాడు. అవతలి వరుసలో మా అత్తమ్మ నెత్తి కొట్టుకుంది. వానకు కప్పలు అరిస్తే అవి ఎందుకు అరుస్తున్నాయో చెప్పేవారు. వంటింట్లో ఆలుగడ్డకు మొలక కనిపిస్తే దాన్ని చేతిలో పట్టుకుని వీధి గుమ్మం దాకా వచ్చేవారు. మా ఇంటికి టీకి వచ్చినవాళ్లు వేడి టీ తాగిన పాపాన పోలేదు.

కుకునూరుపల్లిలో మా ఇంటి వెనక జాగాలో ఇనుప తీగె కట్టి ఆయన వేసిన బోడకాకర పందిరి నాకు ఇంకో తలనొప్పి. ఒళ్లంతా మెత్తటి ముళ్లుండే ఆ కాయ వానాకాలంలో మా వైపు అందరికీ ఇష్టమే. కానీ దాని కాపురం గడుసుది. మగ తీగ వేరు, ఆడ తీగ వేరు. ఆడ పువ్వు కింద చిన్న ముళ్ల పిందె ఉంటుంది, మగ పువ్వు కింద ఉండదు. మగ తీగ ఎన్నడూ కాయదు. అది లేకపోతే ఆడ తీగలూ కాయవు, పిందెలు పసుపెక్కి రాలిపోతాయి. మామయ్య పురుగులను కూడా నమ్మేవారు కాదు. రోజూ తానే మగ పువ్వులు తెంపి, ఒక్కో ఆడ పువ్వుకూ పుప్పొడి అద్దేవారు. బుట్ట పట్టుకోవడానికి నేను. అవతల నా బస్సు టైమవుతుంటే ఈయన పాఠం ఈయనది. "గడ్డ పెడితె తల్లే మళ్ల వస్తది బిడ్డా. గింజ పెడితె ఆడిదో మగదో పూసేదాక తెల్వది." ఈ మాట నాకు నిద్రలో లేపి అడిగినా వచ్చేది.

ఇంత చెప్పే మనిషికి సొంత ఇంట్లో మాత్రం నోరు పెగిలేది కాదు.

మాకు పిల్లలు కాలేదు. రెండేళ్లు చూసి అత్తమ్మ నన్ను గుళ్లకు తిప్పడం మొదలుపెట్టింది. వర్గల్ అమ్మవారి దగ్గర మొక్కులు, ఎవరో చెప్పిన పసర్లు, దవాఖానల్లో నా రక్తం, నా స్కానింగులు. ప్రతి డాక్టరమ్మా నాలో ఏ లోపమూ లేదనే చెప్పింది, మీ ఆయన్ని తీసుకురమ్మంది. ఆ మాట ఇంట్లో చెబితే అత్తమ్మ మూతి ముడుచుకునేది, మా ఆయన చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయేవాడు. మామయ్య పేపరు విప్పి ముఖానికి అడ్డం పెట్టుకునేవారు. కప్పల సంగతి ఊరంతటికీ తెలియాలి, కొడుకు సంగతి మాత్రం పేపరు చాటున ఉండాలి. నాకు ఒళ్లు మండిపోయేది.

అలా ఉండగా ఒక వానాకాలం మామయ్య లేని రోజు చూసి అత్తమ్మ కూలి మనుషులతో పందిరి కింద కలుపు తీయించింది. ఒక్క పిందె కూడా లేని తీగలు కొన్ని కనిపించాయి. గొడ్డు తీగలు, ఉత్తగా జాగా తింటున్నాయని గడ్డలతో సహా తవ్వించి బర్రె ముందు పడేసింది. మగ తీగలన్నీ పోయాయి.

సాయంత్రం మామయ్య వచ్చి చూసి పెట్టిన కేకలు ఇంటి పక్కవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. "కాస్తలేదని పీకుతారా? తప్పు ఏ తీగదో చూడకుంటనే పీకుతారా? నా పెండ్లాం అయ్యుండి గింత తెల్వదా నీకు!"

నేను వాకిట్లో గిన్నెలు తోముతున్నాను. ఎక్కడిదో ధైర్యం వచ్చింది. లేచి నిలబడి అడిగాను: "మామయ్యా, మరి నా సంగతేంది? నన్నొక్కదాన్నే ఎన్ని దవాఖానలు తిప్పుతరు? తప్పు ఏ తీగదో మీరెప్పుడన్న చూసిన్రా?"

ఆ రాత్రి ఆయన అన్నం తినకుండానే పడుకున్నారు. తెల్లారి పందిరి వైపు చూడకుండా, కొడుకును బండి మీద ఎక్కించుకుని సిద్దిపేట దవాఖానకు తీసుకుపోయారు. వారం తిరగకుండానే తేలింది, లోపం మా ఆయనలోనే ఉందని. అత్తమ్మ ఆ తర్వాత మళ్లీ నన్ను ఏ గుడికీ రమ్మనలేదు. మందులు వాడాం, హైదరాబాద్ కూడా తిరిగాం. ఫలితం లేకపోయింది. కొన్నాళ్లకు ఒకరికొకరం చాలనుకున్నాం.

ఆ యేడు మామయ్య రోజూ పొద్దున్నే బండేసుకుని మర్కూక్ దగ్గర తెలిసిన రైతు తోటకు వెళ్లి, టిఫిన్ డబ్బాలో మగ పువ్వులు తెచ్చి మా తీగలకు అద్దారు. అంత పట్టుదల మనిషి, నన్ను పిలిచి మెల్లగా ఏమన్నారో తెలుసా? "గీ ముచ్చట ఇంట్లనే ఉండనియ్యి బిడ్డా. బయట తెలిస్తె వాడు చిన్నబోతడు." వాడు చిన్నబోకూడదు. నేను గొడ్రాలి పేరు మోయొచ్చు!

అయినా నేను ఊరుకున్నాను. ఎందుకంటే ఆయన తనకు తోచిన దారిలో నా పక్షాన నిలబడ్డారు. నన్ను పిలవని సీమంతాలకు, తొట్టెల ఫంక్షన్లకు ఆయనా వెళ్లలేదు. మోకాళ్లు నొస్తున్నాయని చెప్పేవారు. అదే మోకాళ్లతో తెల్లారి పందిరంతా తిరిగేవారు. మొదటి కోత కాయలు నా ఒళ్లోనే పోసేవారు. ఆ ప్రేమ నాకు తెలుసు, ఆయన్ను తలుచుకుంటే ఇప్పుడు కళ్లు నిండుతాయి. కానీ మోకాళ్ల నొప్పి అని కాకుండా అసలు మాట ఒక్కసారి చెప్పి ఉంటే ఏం పోయేది మామయ్యా?

పదో రోజు చుట్టాలంతా వచ్చారు. వాకిట్లో బంతి భోజనాలు. మా ఆయన బకెట్ పట్టుకుని పప్పు వడ్డిస్తున్నాడు, నేను నీళ్లు పోస్తున్నాను. మామయ్య చెల్లెలు ఇస్తరి ముందు కూర్చుని కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"మా అన్న మనుమన్ని ఎత్తుకోకుంటనే పాయె. గీ పిల్ల కడుపు పండకపాయె," అంది అందరికీ వినపడేట్టు.

నా చేతిలో జగ్గు ఆగిపోయింది. నాకు తెలియకుండానే కళ్లు మామయ్య కుర్చీ వేసుకునే చోటికి వెళ్లాయి. ఉన్నా ఏం చెప్పేవారు గనుక!

"అత్తా, ఆమెకేం లేదు," అన్నాడు మా ఆయన. "లోపం నాది. దవాఖానల ఎప్పుడో చెప్పిన్రు. బాపుకు ఎరుకే, నన్ను కన్న అవ్వకు ఎరుకే. ఇగ ఆమెను అనకుండ్రి."

బంతిలో చేతులన్నీ ఆగిపోయాయి. గుమ్మంలో ఉన్న అత్తమ్మ అందరినీ ఒకసారి చూసింది. "నిజమే," అంది. "ఇగ పెట్టురా, అన్నాలు సల్లారుతున్నయ్."

మా ఆయన తర్వాతి ఇస్తరి దగ్గరికి వంగాడు. గరిటెలో పప్పు సగం నేల మీద పడింది. నేను జగ్గు పక్కన పెట్టి వెళ్లి బకెట్ పట్టుకున్నాను. అది ఒక్క మనిషి మోసే బకెట్టే, ఇద్దరు పట్టుకుంటే నడవడం కూడా కష్టం. అయినా అతను వదల్లేదు, నేనూ వదల్లేదు. ఒకరి కాలికి ఒకరం తగులుకుంటూనే బంతి చివరి దాకా వడ్డించుకుంటూ పోయాం.