నది రాణికి తనాకా పూసిన రోజు

మొన్న ఆదివారం ఫోన్లో మాట్లాడుతుంటే మీలో అందరికన్నా చిన్నది ఒక పుస్తకం తెచ్చి కెమెరాకి మరీ దగ్గరగా పెట్టేసి, అమ్మమ్మా ఇది చూడు, ఆఫ్రికాలో యుద్ధం చేసిన రాణి కథ, లైబ్రరీలో తెచ్చుకున్నాను అని సగం తెలుగులో సగం ఇంగ్లీషులో గబగబా చెప్పేసింది. అట్ట మీద ఈటె పట్టుకుని నిల్చున్న ఆవిడ మొహం కదిలిపోయి సరిగ్గా కనపడలేదు గానీ రంగు మాత్రం కనపడింది, అచ్చం నా రంగే. అలాంటి రాణిని నేనూ చిన్నప్పుడు ఎరుగుదునమ్మా అన్నాను. మీరంతా నవ్వేరు. ఇంతలో ఈత క్లాసుకి వేళైందని మీ అమ్మ ఫోన్ పెట్టించేసింది. నేనిక్కడ యాంగోన్‌లో, మీరక్కడ బాంకాక్‌లో, మాటలు ఎప్పుడూ ఇలాగే మధ్యలో ఆగిపోతుంటాయి కదా, అందుకని అప్పుడు చెప్పలేకపోయింది ఇప్పుడు నెమ్మదిగా చెప్తున్నాను. తెలీని మాటొస్తే మీ అమ్మనడగండి, సిగ్గేం లేదు.

నేను పుట్టి పెరిగింది ఈ యాంగోన్‌లోనే, లమ్మడా పేటలో, నదికి దగ్గరగా ఉండే ఒక ఇరుకు వీధిలో. కింద అంతా టోకు దుకాణాలు, ఎండుమిరపకాయల ఘాటు, బస్తాలు, చేతిబళ్ళు, పైన నిచ్చెనల్లాంటి మెట్లెక్కితే మాలాంటి వాళ్ళ ఇళ్ళు. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి రేవులో మూటలు మోసినవాడు, మా నాన్న నాటికి మూటలు పోయి గుమాస్తా పని వచ్చింది. ప్రతి ఇంటి వసారా నుంచీ వీధిలోకి ఒక తాడు వేలాడుతూ ఉండేది, దానికి పైన చిన్న గంట. పేపరు గానీ కూరగాయలు గానీ ఏదొచ్చినా కింద వాళ్ళు తాడుకి కట్టి లాగితే గంట మోగేది, మేము పైకి చేదుకునేవాళ్ళం. నాకైతే ఆ తాడు మీద వచ్చేవాటిలో పుస్తకాలే ఎక్కువ ఇష్టం.

మా వీధి చివర అద్దెకి పుస్తకాలిచ్చే కొట్టు ఉండేది. కొత్త పుస్తకం రాగానే కొట్టాయన దాని రంగుల అట్ట పీకేసి, దళసరి గోధుమరంగు అట్ట వేసి, పురికొసతో గట్టిగా కుట్టేసేవాడు, అన్ని చేతులూ మారినా చిరిగిపోకుండా. అందువల్ల మేము చదివిన కథల్లో ఎవరి మొహమూ ముందుగా చూసి ఎరగం, ఎవరికి తోచినట్టు వాళ్ళం ఊహించుకోవడమే. మా ఇంట్లో ఆడవాళ్ళకి బజారు మాటల వరకే బర్మా వచ్చు, పుస్తకాల బర్మా రాదు, రాతా రాదు. మధ్యాహ్నం పన్లయ్యాక మా నానమ్మ, అమ్మ, మేనత్త మెట్ల మలుపు దగ్గర గాలొచ్చే చోట కూర్చుని పప్పు ఏరుకుంటుంటే, నేను బర్మాలో చదువుకుంటూ నోటితో తెలుగు చేసి వినిపించాలి. అది నాకు అన్నం తిన్నంత అలవాటు.

అలా ఒకనాడు ఆ రాణి కథ మా తాడు మీద పైకొచ్చింది. పిల్లల కోసమని చరిత్రనే కథలాగ రాసిన పుస్తకం. ఆఫ్రికాలో పెద్ద నది ఒడ్డున ఒక రాజ్యం, అన్న చనిపోతే చెల్లెలు గద్దె ఎక్కుతుంది, సముద్రం మీంచి తెల్ల కెప్టెన్లు ఓడలేసుకుని మనుషుల్ని పట్టుకుపోవడానికి వస్తే, ఆవిడ పడవల వాళ్ళందర్నీ కూడగట్టి, మొదటి పడవలో తనే నిల్చుని ఎదురెళ్తుంది. ఆవిడ పేరు మాకెవరికీ నోరు తిరగలేదు, నది రాణి అని పెట్టేసుకున్నాం. రాణి ఒంటి రంగు వానకి తడిసిన నల్లరాయిలా మెరుస్తోంది అని ఒక చోట రాసుంది. ఆ మాట తెలుగులో చెప్పి నేను అక్కడే ఆగిపోయాను. మా నానమ్మకి ఓపిక తక్కువ.

"ఏటే, సదువు ఆపేసినావు? ఎదర ఓడలొచ్చేస్తంటే రాణీని నిలబెట్టేసి ఎటు సూస్తన్నావు?"

ఎందుకు ఆగిపోయానో చెప్పాలంటే మా దసరా పందిరి సంగతి చెప్పాలి. ఏటా పండగ రోజుల్లో మన వాళ్ళంతా గుడి దగ్గర పందిరేసి పిల్లల చేత నాటకాలాడించేవారు. నది అవతల దలా ఊరి నుంచి కూడా పిల్లాజెల్లాతో పడవెక్కి వచ్చేవారు చూడడానికి. ఆ వీధుల్లో నాకన్నా నల్లని గుంట, అంటే ఆడపిల్ల, లేదు, అందుకని నాకు బుద్ధి తెలిసిన నాటి నుంచీ రాక్షసుడి వేషమే. మా పెదనాన్న కూతురు, నా ఈడుదే, పండు నిమ్మకాయలా ఉండేది, దానికి ఏటా అమ్మవారి వేషం. మా మేనత్తే అందరికీ రంగులు పూసేది. ఆవిడ లెక్క ఒకటే, దేవతలకీ రాజులకీ తనాకా, రాక్షసులకి పెనం మసి. తనాకా అంటే మీకు తెలుసు, ఇక్కడ అందరం బుగ్గలకి రాసుకునే చెట్టు బెరడు గంధం. నేను రాక్షసుడిగా పెట్టే కేకకి చంటిపిల్లలు గుక్కపట్టి ఏడిచేవారు, పెద్దవాళ్ళు మళ్ళీ అరవమనేవారు, నాకూ సరదాగానే ఉండేది. అయితే నాటకం అయ్యాక అమ్మవారి వేషం కట్టిన పిల్లకి హారతిచ్చి అందరూ దణ్ణం పెడుతుంటే, నేను పందిరి వెనక నీళ్ళడ్రమ్ము దగ్గర మసి తోముకుంటూ ఉండేదాన్ని. ఏదో ఒక్క ఏడైనా ఆ ముందు వైపున నిల్చోవాలని ఉండేది, పైకి ఎవరితో అనలేదు. నది రాణి వచ్చాక అనగలిగేను.

నాటకాలు వేయించేది మా నానమ్మ తమ్ముడు, మాకు చిన్నతాత. మెట్ల మలుపులోనే పంచాయితీ పెట్టేం.

"దసరా పందిట్లో పురాణం ఆడాల గానీ, ఎవులో ఊరూ పేరూ తెలీని రాణీని ఆడతామంటే అమ్మోరు ఊరుకుంటాదేటి?" అన్నాడు చిన్నతాత.

నానమ్మ పప్పు మీంచి కళ్ళెత్తకుండానే, "యుద్ధానికెల్లిన ఆడదాన్ని సూస్తే అమ్మోరికి కోపమెందుకొస్తాదిరా? నీకొస్తాది గానీ," అంది.

చిన్నతాత మీసం దువ్వుకుని, సరే ఆడండి అన్నాడు, కానీ జనం నవ్వితే మాత్రం ఇంక ఎప్పుడూ మాటాడకూడదు, నీకు పెళ్ళయ్యేదాకా రాక్షసుడి వేషమే అని నాతో ఖరారు చేసుకున్నాడు. రాణిగా పెదనాన్న కూతుర్నే పెట్టొచ్చు కదా అని కూడా అన్నాడు. పుస్తకంలో రాణి నాలాగే ఉంటుంది తాతా అన్నాను. అయితే నువ్వే కట్టు అన్నాడు. పెదనాన్న కూతురు ఏమీ అనుకోలేదు సరికదా, ఏటా కదలకుండా చెయ్యెత్తి నిల్చుని విసిగిపోయానే, నన్ను మీసాలున్న కెప్టెన్ని చెయ్యండి అని గంతులేసింది. వెదురు బద్దలతో పడవ కట్టేం, బియ్యం గోనెలు విప్పి ఓడ తెరచాపలు కుట్టేం, నాన్నల పాత కోట్లు కెప్టెన్లకి తొడిగేం. ఆ నెలంతా మెట్ల మీద ఎవరు ఎక్కుతున్నా దిగుతున్నా ఓడలొచ్చాయి ఓడలొచ్చాయి అని అరుపులే.

నాటకం రోజున మధ్యాహ్నం నుంచే మా మేనత్త పందిరి వెనక చీరల పరదా కట్టి సానరాయి ముందేసుకుని కూర్చుంది. ఏనాడూ అంత తనాకా తీసి ఎరగదు. మేనగోడలు మొదటిసారి రాణి అవుతోంది కదా మరి. నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని కళ్ళు మూసుకోమని, నుదురు, మెడ, మోచేతులు, వేళ్ళ సందులు కూడా వదలకుండా చల్లగా పూసుకుంటూ పోయింది. హాయిగా ఉండి నేను కాస్త కునుకు కూడా తీసేను. కళ్ళు తెరిచేసరికి నా చేతులు నావి కావు, సున్నం కొట్టిన గోడల్లా ఉన్నాయి. అవతల చూస్తే ఓడ కెప్టెన్లందర్నీ శత్రువులు కదాని నిండా పెనం మసి పూసి వరసగా నిలబెట్టేసింది. పెదనాన్న కూతురు ఏడుపు మొహంతో వచ్చి, అత్త పెట్టిన మీసం మసిలో కలిసిపోయింది, ఎక్కడుందో నాకే తెలీటం లేదు అంది. నల్లరాణి తెల్లబడి, తెల్లదొరలు నల్లబడి, మా కథ మొత్తం తిరగబడి కూర్చుంది. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చేయి.

"ఏటే, అలాగ సూస్తన్నావు? నిండు సెందమావలాగున్నావు," అంది అత్త.

"అత్తా, రాణి నల్లగుంటాది. తెల్లగుండీది ఓడలోళ్ళు."

"పుస్తకంలో ఎలాగున్నా ఒగ్గెయ్. నలుగురెదర రాణీ రాణీలాగుండాల. నిన్ను ఎవులూ నల్లగుంట అనకూడదనే కదే, పొద్దున్నించీ సేతులరగదీసుకున్నాను."

అంత ప్రేమగా పూసినదాన్ని కడిగెయ్యమని ఎలా అడగడం? అడక్కపోతే నేను పెట్టుకున్న ఆశంతా ఆ తెల్లపూత కిందే ఉండిపోతుంది. మెల్లిగానే అన్నాను, "అననీ అత్తా. ఈయేళ నల్లగుంటే రాణి."

అత్త తన చేతులకేసి చూసుకుంది. ఆవిడదీ నా రంగే, ఇంకో చాయ ఎక్కువే గానీ తక్కువ కాదు. ఆవిడ చిన్నప్పుడు పందిట్లో ఏ వేషం కట్టేదో మేమెవరం ఎప్పుడూ అడగలేదు, అప్పుడు నాకు అడక్కుండానే తెలిసింది. అవతల చిన్నతాత, బేగి రండర్రా, జనం లేచెల్లిపోతన్నారు అని కేకలు. అత్త చటుక్కున లేచి, కొత్తచీర కొంగు నీళ్ళడ్రమ్ములో ముంచి, నా మొహం తుడవడం మొదలెట్టింది. తుడిచి తుడిచి, దీపాలకి తెచ్చిన నువ్వులనూనె అరచేతిలో ఒంపుకుని నా చేతులకీ మెడకీ పట్టించింది. తర్వాత కెప్టెన్లకేసి తిరిగి, "ఓలే మీసాలోడా, ఇలాగరా," అని పెదనాన్న కూతురి మసి తుడిచేసి, సానరాయి మీద మిగిలిన తనాకా అంతా దానికి మెత్తేసింది. రాణీకి మిగిలిపోయింది నాకెందుకు, నాకు కొత్తది తియ్యి అని అది పేచీ. నోర్ముయ్యే దొరా అని అత్త.

తెర లేచేసరికి వెదురు పడవలో నేనొక్కదాన్నే నిల్చున్నాను. లైట్లకి ఒంటి మీద నూనె మెరుస్తోందని నాకు జనం మొహాలు చూస్తేనే తెలిసింది. వెనక నుంచి ఎవరో, "ఎవుల గుంటే అది?" అన్నారు. ముందు వరస నుంచి మా నానమ్మ లేచి నిల్చుని మరీ, "మా గుంటే!" అంది. అంతే, నా భయం పోయింది. అన్నేళ్ళు రాక్షసుడిగా నేర్చుకున్న కేక రాణి గొంతుతో ఒక్కటి పెట్టేసరికి, కెప్టెన్లు పడాల్సిన దానికన్నా ముందే పడిపోయారు, గోనె తెరచాప చిన్నతాత నెత్తిన పడింది, దలా వాళ్ళు ఈలలేసేరు. జనం నవ్వేరు, నన్ను చూసి కాదు. నాటకం అయ్యాక చిన్నతాత హారతి పళ్ళెం పట్టుకుని, అమ్మవారి వేషం లేనిచోట ఇది ఎవరికివ్వాలో తోచక అటూ ఇటూ చూస్తుంటే, అత్త వచ్చి ఆ పళ్ళెం ఆయన చేతిలోంచి తీసుకుని నాకు హారతిచ్చింది. చిన్నతాత కూడా గంట వాయించేశాడు.

ఆ తర్వాత ఏడు నుంచి రాణి వేషానికి పిల్లలంతా పోటీ. ఎవరి రంగు మీద వాళ్ళకి నూనె రాయడమే మా అత్త పద్ధతి అయిపోయింది. ఇప్పుడా అద్దె పుస్తకాల కొట్టు లేదు, ఆ మెట్ల మలుపులో లిఫ్టు పెట్టేరు. ఇక్కడి మన వాళ్ళ పిల్లలకి తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు బర్మాలో వస్తుంది, పోన్లే, జవాబంటూ వస్తోంది కదా అనుకుంటాను. మొన్న దసరాకి గుడికెళ్తే పార్లర్ నుంచి వచ్చిన అమ్మాయి ఎవరో పిల్లలకి చక్కగా రంగులేస్తోంది, ప్రతి పిల్లా ఫోన్లో తన మొహం తనే చూసుకుని, అక్కడ తుడువు ఇక్కడ దిద్దు అని చెప్పుకుంటోంది. ముచ్చటేసింది. మాకు పరదా వెనక అద్దం కూడా ఉండేది కాదు, ఫొటో తీసినవాళ్ళూ లేరు. ఆ సాయంత్రం నది రాణిగా నేనెలా ఉన్నానో ఈనాటికీ నాకు తెలీదు. నూనె రాయడం అయ్యాక నన్ను కాస్త దూరంగా నిలబెట్టి చూసుకుంటున్నప్పుడు మా అత్త మొహం ఎలా ఉందో మాత్రం తెలుసు, అది చాలనుకునే ఇన్నేళ్ళూ ఉన్నాను.