ముందే పడిన పచ్చ టిక్కు

నాలుగేళ్లుగా ఈ మాట గొంతు దాకా వచ్చి ఆగిపోతోంది. ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోవడానికి నాకెవరున్నారు? నేను చేసే పనేమిటో మా వల్లూరులో సగం మందికి తెలియదు. తెలిసినవాళ్ల దగ్గర నోరు రాదు. ముఖం తెలియని మీకైతే చెప్పగలనేమో.

మా ఊరి సోలార్ పార్కులో ప్యానెళ్లు కడిగే ఆడవాళ్ల హాజరు యాప్ చేసింది నేనే. ఫోన్లో తెరుచుకునే వెబ్ పేజీ అది. పొద్దున్నే, ప్యానెళ్లు వేడెక్కకముందే, ఎవరి వరుస దగ్గరికి వాళ్లు వెళ్లి బటన్ నొక్కాలి. ఆ బటన్‌ని నేను మొదటినుంచీ రాయక్కర్లేదు. జావాస్క్రిప్ట్‌లో ఇలాంటివి ఎవరో ఒకరు చేసిపెట్టి ఉంటారు. కాంపొనెంట్లు అంటాం. నచ్చింది తెచ్చి పేజీలో పెట్టుకోవడమే.

చివరికి నా ముందు రెండు మిగిలాయి. ఒకటి మొద్దుగా ఉంది. నొక్కితే, హాజరు సర్వర్‌కు చేరేదాకా 'ఇంకా చేరలేదు' అని చూపిస్తూ కూర్చుంటుంది. రెండోది సొగసుగా ఉంది. నొక్కీ నొక్కగానే పచ్చ టిక్కు. కానీ ఆ టిక్కు హాజరు చేరకముందే పడుతుంది, సిగ్నల్ లేకపోతే అసలు చేరకుండానే పోవచ్చు. ఆ సంగతి దాని వివరాల పేజీలోనే ఉంది. నేను చదివాను. చదవలేదని ఇన్నాళ్లూ నాకు నేను సర్దిచెప్పుకున్నాను గానీ, చదివాను.

రెండోదే తీసుకున్నాను. మేనేజరుకు చూపించినప్పుడు బాగుంటుందని. ఆయన శభాష్ అన్నాడు కూడా. ఆ ఒక్క మాటకు ఎంత పొంగిపోయానో తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆ కడిగేవాళ్లలో నరసక్క వరుస చిట్టచివర, కంచె పక్కన. అక్కడ సిగ్నల్ ఉండీ లేనట్టు. ఆ వరుస ఆమే అడిగి తీసుకుంది. పార్కుకు లీజుకు ఇవ్వకముందు ఆమె వేరుశెనగ వేసిన చేను అదే. పనికి పోతున్నానని ఎప్పుడూ అనేది కాదు, చేనికి పోతున్నానని చెప్పేది. పనిలో ఉన్నవాళ్లనే గేటు లోపలికి రానిస్తారు.

ఒక నెలలో చాలా రోజులు ఆమె రానట్టు ఆఫీసు పేజీలో కనబడింది. యాప్ తప్పు చూపించే అవకాశం ఉందా అని మేనేజరు నన్ను అడిగాడు. ఉందని ఆ క్షణంలోనే తెలుసు. లేదన్నాను. ఎందుకన్నాను? ఉద్యోగం పోతుందనా? అదీ కాదు. ఆ శభాష్ వెనక్కి తీసుకుంటాడేమోనని. అంతకన్నా గొప్ప కారణం కోసం చాలా వెతికాను, దొరకలేదు.

పనిలోంచి తీసేసిన రోజు ఆమె ఫోన్ పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"పచ్చగా పడింది, నేను సూసినాను గదప్పా. మా చేనికి నేను రాకుండా ఉంటానా?"

ఫోన్ అటూ ఇటూ తిప్పి చూసినట్టు నటించాను. "యాప్ బాగనే ఉండాదక్కా," అన్నాను.

ఆమె తన బొటనవేలు చూసుకుంది. రోజూ నీళ్లలో నాని ముడతలు పడిన వేలు. "అట్లయితే నేనే సరిగ్గా నొక్కలేదేమోలేప్పా. సదువు లేందాన్ని, నాకేం తెలుస్తాది."

నేను తల ఊపాను.

ఆ వారమే, ఎవరికీ చెప్పకుండా మొద్దు కాంపొనెంటు పెట్టేశాను. మార్పుల పట్టీలో 'చిన్న సవరణ' అని రాశాను. ఆ తర్వాత ఎవరి హాజరూ పోలేదు. నాకు మంచి పేరే మిగిలింది.

అప్పటినుంచి నలుగురు కూర్చున్న చోట కూర్చోలేను. గదిలో ఒక్కణ్ణే వండుకుని తింటాను. ఆటోలో నరసక్క ఉంటే ఎక్కను, ఫోన్ వచ్చినట్టు చెవి దగ్గర పెట్టుకుని నిలబడిపోతాను. ఎన్ని ఆటోలు వదిలేశానో.

ఆమె ఇప్పుడు మేకలు తోలుకుని ఆ కంచె వెంబడే పోతుంది. మొన్న నేను లోపల, ఆమె బయట. ఆమె వరుసలో కొత్తగా చేరినావిడ ఫోన్ తీసి బటన్ నొక్కబోతోంది. నరసక్క తీగల అవతలనుంచి చెప్పింది: "గట్టిగా నొక్కు తల్లీ. నేను సరిగ్గా నొక్కకనే పని పోగొట్టుకున్నా."

విన్నాను. విననట్టే నడిచి వెళ్లిపోయాను.

నరసక్క సరిగ్గానే నొక్కింది. ప్రతిరోజూ నొక్కింది. ఈ రెండు ముక్కలు రాయడానికి నాకు నాలుగేళ్లు పట్టింది. ఆమెకు చదవడం రాదు, ఇది ఆమెకు చేరదని తెలిసే రాస్తున్నాను. రాశాక ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. అందుకూ సిగ్గుగానే ఉంది.