నర్సమ్మ ఊరి పేరు

టేకులపల్లి అవతల, అడవి అంచున ఉన్న మిషన్ బడిలో 2000ల మొదట్లో నేను ఇంగ్లీషు టీచర్ని. ఖమ్మం పక్కనున్న ఖానాపురం హవేలి నుంచి వచ్చినదాన్ని, కాన్వెంటులో చదివినదాన్ని. నా ఉచ్చారణ మీద నాకు కొండంత పొగరు. దాన్ని దించింది బడి పక్క దవాఖానాలో ఉండే ముసలి నర్సమ్మ. ఆమె పుట్టింది వేల్స్‌లో. నలభై ఏళ్లుగా ఇక్కడే కాన్పులు చేస్తూ మన మాటే మాట్లాడేది.

ఒకరోజు 'నైఫ్' అని రాసి, ముందున్న 'కె' పలకకూడదని చెబుతున్నాను. ఒక పిల్ల లేచి, "పలకనిది రాసుడెందుకు టీచర్?" అంది. నాకు కోపం వచ్చి, కూర్చోమని కసిరాను. కిటికీ అవతల నర్సమ్మ నవ్వింది.

"ఇంగ్లీషోళ్లు రాసిందాంట్ల సగం మింగుతరు బిడ్డా. మా వేల్స్ భాష మీ తెలుగు లెక్కనే. రాసిందంతా పలుకుతం."

ఆ సాయంత్రం నుంచి ఆమె వరండాలో నాకు పాఠాలు మొదలయ్యాయి. ఆమె ఊరి పేరు మొదట్లో రెండు 'ఎల్'లు. 'ల' అనబోతున్నట్టు నాలుక పెట్టి, గొంతు కలపకుండా, గాలిని నాలుక పక్కల నుంచి వదలాలి. పచ్చికట్టె పొయ్యిలో సుయ్యిమన్నట్టు ఉంటుంది. నాకు పట్టుబడేసరికి మూడు వారాలైంది. ఆమెకు వండిపెట్టే ఆయా గడప దగ్గర చింతపండులో గింజలు తీస్తూ వినేది. ఆయాది పక్క గూడెం, సంతకం కూడా రాదు.

లండన్‌లో నర్సు చదువు చదివేటప్పుడు తన ఊరి పేరు విని తోటివాళ్లు నవ్వేవారట. సిగ్గుపడి తనూ వాళ్లలాగే తప్పుగా పలికిందట. "మా అమ్మను కాదన్నట్టే అనిపించింది" అంది నర్సమ్మ.

ఆయా వాళ్ల గూడెంలో మనిషిని మట్టి చేసేటప్పుడు పుట్టిన ఊరి పేరు చెప్పి సాగనంపుతారు. చెప్పకపోతే తోవ దొరకదంటారు. మంచాన పడ్డాక నర్సమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"నాకు గూడ గట్లనే చెప్పు బిడ్డా. సరిగ్గ చెప్పు."

"అవ్, చెప్తనమ్మా" అన్నాను.

సమాధి దగ్గర ఆమె జీవిత వివరాలు చదివే పని నాకే అప్పగించారు. ఖమ్మం నుంచి పాస్టర్లు, పెద్దలు జీపుల్లో వచ్చారు. కాగితంలో ఊరి పేరు వచ్చింది. ఇంతమంది ముందు తుంపర్లు పడేలా ఊదితే ఏమనుకుంటారోనని నోరు వెనక్కి తగ్గింది. ఇంగ్లీషువాళ్ల 'ల'తో పైపైన అనేసి కింది వరుసకు వెళ్లిపోయాను. ఎవరూ తల కూడా ఎత్తలేదు.

అందరూ మట్టి వేశాక ఆయా వచ్చింది. గుప్పెడు మట్టితో గుంత మీదికి వంగి, ఆ ఊరి పేరు చెప్పింది. గాలి పక్కల నుంచే పోయింది. నర్సమ్మ గొంతే విన్నట్టయింది నాకు. తర్వాత మెల్లగా నా దగ్గరికి వచ్చింది. ఆమె ముఖంలో కోపం లేదు, నిజంగానే తెలియక అడిగింది.

"టీచరమ్మా, మీరు చదివింది ఏ ఊరు? మా నర్సమ్మది గది కాదు గదా."

మర్నాడు బడి గంట కొట్టకముందే ఒక్కదాన్నే సమాధి దగ్గరికి వెళ్లాను. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని చెప్పాను. ఈసారి సరిగ్గానే వచ్చింది.